ప్రయాణం ముందు వచ్చే ఆయాసం

ఆదివారం పొద్దున భోజనాల బల్లనంతా ద్వీపమే ఆక్రమించుకుంది. కాఫీ కప్పు పెట్టుకునే చోటు కూడా మిగల్లేదు. ఇంటాయన ఆ పటం మడతల్ని అరచేత్తో సాపు చేసి, ఎర్ర పెన్సిలుతో అడవి నుంచి సముద్రం దాకా ఒక గీత గీశాడు. గీసి, ఆ ద్వీపాన్ని తానే కనిపెట్టినట్టు వెనక్కి వాలి చూసుకున్నాడు.

"విమానం దిగ్గానే సముద్రం వైపు పరిగెత్తడం తెలివితక్కువ వాళ్ళ పని," అన్నాడు. "ముందు అడవి. ఎండలు ముదిరితే నీటిగుంటలన్నీ ఎండిపోతాయి. మిగిలిన ఒకటీ అరా మడుగు దగ్గరికి ఏనుగులు రాక చస్తాయా? తెల్లారకముందే జీపులో వెళ్ళి కదలకుండా కూర్చుంటే చిరుతపులి కూడా కనిపిస్తుంది. ఒళ్ళంతా ఎర్రదుమ్ము కొట్టుకున్నాక, అప్పుడు సముద్రం. తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే చోటు కూడా చూసిపెట్టా. అదీ పద్ధతి."

"అదీ పద్ధతి," అంది భార్య అదే గొంతుతో, కప్పు చేత్తో పట్టుకునే తాగుతూ. "ఇంతకీ ఆ చిరుతపులికి మనం వస్తున్నట్టు కబురు పెట్టారా? పాపం, ఎదురుచూసి ఎదురుచూసి ముసలిదైపోతుంది."

ఆయన లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. భవనాల్లో లిఫ్టులు పరీక్షించి, భేషుగ్గా ఉందని సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. తాను సంతకం పెట్టిన లిఫ్టు తానే ఎక్కడు. నాలుగో అంతస్తులో ఉన్న సొంత ఇంటికి కూరగాయల సంచులతో సహా మెట్లెక్కి వస్తాడు. అదేమిటని అడిగితే ఆరోగ్యం అంటాడు. అటువంటి మనిషి ప్రయాణాల పథకాలు వేయడంలో మాత్రం సాటిలేని వీరుడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, టికెట్లు కొనకముందే ఏ హోటల్లో ఏ కిటికీ ఎటు తెరుచుకుంటుందో చెప్పగలడు. కొండలకని ఒకసారి, ఎడారికని ఒకసారి, జలపాతానికని ఇంకోసారి ఇదే బల్ల మీద పటాలు పరిచాడు. మాటలు కోటలు దాటాయి. కాళ్ళు మాత్రం గడప దాటలేదు.

ఆ పాపమంతా అత్తగారిదేనని ఇల్లాలి నమ్మకం. కొండలన్నప్పుడు ఆవిడకు నడుం పట్టేసింది. ఎడారి అన్నప్పుడు కళ్ళు తిరిగాయి. జలపాతం దగ్గరికొచ్చేసరికి ఆయాసం. అంతదాకా గుండ్రాయిలా ఉండే మనిషి, పెట్టె జిప్పు చప్పుడు వినపడగానే మంచం ఎక్కేది. "అమ్మని ఈ స్థితిలో వదిలేసి ఎలా వెళ్తాం?" అని కొడుకు తల పట్టుకునేవాడు. పెట్టెలు మళ్ళీ అటకెక్కేవి. కోడలు పళ్ళు కొరుక్కుంటూ అత్తగారికి కషాయం కాచేది, అదీ కావాలని రెండింతలు చేదుగా. "మా ఇంట్లో ఒక నాటకాల కంపెనీ ఉంది," అని తను పనిచేసే కళ్ళద్దాల షాపులో చెప్పి అందర్నీ నవ్వించేది. ఇంటికొచ్చి మాత్రం నవ్వేది కాదు. దూరపు అక్షరాలు కనిపిస్తున్నాయా అని రోజంతా వచ్చినవాళ్ళని అడిగే ఆవిడ, ఇంత వయసొచ్చినా సముద్రం చూడలేదు.

ఈసారి చూసి తీరాలని పట్టుబట్టింది. కూతురి చదువు అయిపోయింది. పై నెలలో ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిపోతుంది. ఆ తర్వాత అందరికీ ఒకేసారి సెలవు దొరకడం కల్ల.

కూతురు ల్యాప్‌టాప్ తెచ్చి, ద్వీపాన్ని ఒక పక్కకు తోసి కూర్చుంది. "నాన్నా, ఇంక పెన్సిలు కింద పెట్టు. నలుగురికీ టికెట్లు తీసేస్తున్నా."

ఇంటాయన దగ్గాడు.

"ఇప్పుడే ఎందుకే తొందర? వర్షాలు ఎలా ఉంటాయో కనుక్కుని..."

"కనుక్కున్నావుగా! పొద్దుట్నుంచీ అదే చెప్తున్నావు."

ఆయన లోపలి గది వైపు మొహం తిప్పి ఇంకాస్త గట్టిగా దగ్గాడు. పక్క వాటాలో ఎవరో కిటికీ మూసుకున్నారు. మూడోసారి దగ్గేసరికి అత్తగారు బయటికొచ్చింది. నెత్తిన మనవరాలి గడ్డి టోపీ, కాళ్ళకి కొత్త చెప్పులు. చెప్పులు కరుస్తాయేమోనని రెండు రోజులుగా ఇంట్లోనే వేసుకుని తిరుగుతోంది.

కొడుకు మొహంలో రంగు మారింది. "అమ్మా, అలా వాడిపోయావేం? రాత్రి నిద్ర పట్టలేదా?"

"హాయిగా పట్టింది."

"ఆయాసంగా ఉందేమో..."

"లేదు."

"మరి నడుం?"

"ఇదిగో," అని ఆవిడ వంగి చెప్పు పట్టీ సర్దుకుని లేచింది. "ఇంకేమైనా అడుగుతావా?"

"అడగండి, అడగండి," అంది కోడలు వెటకారంగా. "ఏదో ఒకటి దొరక్కపోదు. ఇంకా మోకాళ్ళున్నాయి. అత్తయ్యగారి ఒంట్లో రోగాలకి కరువా?"

అత్తగారు కోడలి వైపు చూడలేదు. కుర్చీ లాక్కుని కొడుక్కి ఎదురుగా కూర్చుంది.

"ఒరేయ్, నువ్వు గొంతు చించుకుని దగ్గినా ఈసారి నేను పడుకోను. అంతగా కావాలంటే నువ్వే పడుకో. దుప్పటి కప్పుతాను."

కోడలు కప్పు కింద పెట్టబోయి, చోటు లేక మళ్ళీ పట్టుకుంది.

"ఆయన దగ్గితే మీరు పడుకోవడమేంటత్తయ్యా?"

"ఏముందమ్మాయ్! వీడు దగ్గుతాడు, నేను మంచం ఎక్కుతాను. కొండలప్పటినించీ మా ఇద్దరి ఒప్పందం అదే. వీడికి విమానమంటే భయం. జీపంటే భయం, పడవంటే భయం. నీతో చెప్పుకోడానికి నామోషీ."

ఇంటాయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు: "అరిగిపోయిన తీగలు రోజూ చూసేవాడికి తెలుస్తుంది, ఏది ఎప్పుడు తెగుతుందో."

"విమానానికి తీగలుండవు నాన్నా," అంది కూతురు జాలిగా.

ఇల్లాలికి జాలి కలగలేదు. "అంటే, మగాడినని నా ముందు మీసం మెలెయ్యడానికి కన్నతల్లిని రోగిష్టిదాన్ని చేశారా? వెళ్ళలేనప్పుడు వెళ్ళలేనని ఏడవచ్చుగా! నేను పెట్టె సర్దుకుంటుంటే, పాపం అమ్మకి బాలేదే అని నన్నే ఓదార్చారు. సిగ్గనేది మీ లిఫ్టులో ఎక్కడైనా ఇరుక్కుపోయిందా?"

"నువ్వు నవ్వుతావని..." అన్నాడాయన.

"నవ్వేదాన్నే. నెల రోజులు నవ్వేదాన్ని. అయితే ఏం, చచ్చిపోతారా?"

కోపం ఇంకా చాలా ఉంది గానీ, మధ్యలో ఒక విషయం అడ్డం పడి ఆవిడ ఆగింది. మెల్లగా అత్తగారి వైపు తిరిగింది.

"మరి నేను కాచిన కషాయాలు? ఒంట్లో ఏమీ లేకుండానే ఎందుకు తాగారు? కావాలనే చేదు పోశానత్తయ్యా నేను."

"తెలుసు. నాలిక లేదా నాకు?" అంది అత్తగారు. "నీ సెలవు మంటగలిపినదాన్ని. నువ్వు రాత్రి పెట్టెలోంచి చీరలు తీసి బీరువాలో సర్దుకుంటుంటే ఆ మంచమ్మీంచి చూస్తూనే ఉండేదాన్ని. ఆ మాత్రం చేదు మింగొద్దూ?"

ఇన్నేళ్ళ నుంచీ మనసారా అసహ్యించుకోవడానికి ఇల్లాలు మనిషినైనా సరిగ్గా ఎంచుకోలేకపోయింది. ఆ ముసలావిడ ఒక్కసారైనా గ్లాసు పక్కన పెట్టి, ఇది నీ మొగుడి రోగమే తల్లీ అని ఉంటే అంతటితో అయిపోయేది. అనలేదు. కొడుకు పరువు కాపాడింది, కోడలి చీదరింపు భరించింది. ఇల్లాలికి దుఃఖం పొంగుకొచ్చింది. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చేసింది, ఏడుస్తున్నందుకు ఇంకా కోపం తెచ్చుకుంది.

"మరి ఇప్పుడెందుకు చెప్పారు?" అంది ముక్కు తుడుచుకుంటూ. "అప్పుడు నోరు మూసుకున్నవాళ్ళు!"

"నీ కూతురే నా కొంప ముంచింది. ఫోనులో ఆ ఏనుగులు చూపించింది. గుంపుకంతటికీ ముసలి ఆడ ఏనుగే ముందు నడుస్తుందిట. నీళ్ళెక్కడున్నాయో దానికే తెలుసునట. మీ ఇంట్లో ముసలిదాన్ని మంచం ఎక్కిస్తారు, అక్కడ ముందు నడిపిస్తారు. ఆ మర్యాద ఎలా ఉంటుందో ఒకసారి కళ్ళారా చూడొద్దా?"

కూతురు ల్యాప్‌టాప్ మీద వేళ్ళు పెట్టి అడిగింది. "ఇంతకీ ఎన్ని టికెట్లు?"

"మూడు," అంది ఇల్లాలు తడుముకోకుండా.

"మూడే," అంది అత్తగారు. "వీడు ఇంటి దగ్గరుండి పటం చూసుకుంటాడు. అదే వీడికి పద్ధతి."

ఇంటాయన పటం మడవడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ చక్కగా మడిచే పటం ఆ రోజు ఎటూ కుదరలేదు. భార్య చూస్తోందని తెలిసీ ఈసారి దగ్గి తప్పించుకోలేదు.

"నాకు భయం," అన్నాడు. అంత చిన్న మాట ఆ నోట్లోంచి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. "విమానం లేస్తున్నప్పుడు అరుస్తానేమో. అడవిలో జీపు దిగమన్నా దిగను. ఏనుగు కనిపిస్తే కళ్ళు మూసుకుంటానేమో కూడా." ఆగి, కూతురి వైపు చూశాడు. "అయినా నాలుగు తియ్యి తల్లీ."

కూతురు తల్లి మొహం చూసింది. ఇల్లాలు వెంటనే సరే అనలేదు. అంత తేలిగ్గా ఎందుకంటుంది? పటం ఆయన చేతుల్లోంచి లాక్కుని, రెండు మడతల్లో చిన్నదిగా మడిచి బల్ల మీద పడేసింది.

"నాలుగే తియ్యి," అంది. తర్వాత భర్త వైపు తిరిగి వేలు చూపించింది. "అరుచుకుంటారో, ఏడ్చుకుంటారో మీ ఇష్టం. నేను నవ్వుకుంటాను, అది నా ఇష్టం. విమానం లేచేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకోకండి. నేను అత్తయ్య పక్కన కూర్చుని అత్తయ్య చెయ్యి పట్టుకుంటాను."

ఆయన తల వంచుకుని సరేనన్నాడు.

అత్తగారు గడ్డి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నాకు ఇంకో చెయ్యుందిగా," అంది. "అటు పక్క కూచోరా వెధవా."