ఎవరూ నొక్కని కీ

ఉదయం ఎనిమిదీ పదికి కంప్యూటర్ టెక్నీషియన్‌ని లారీ గుద్దింది. రోడ్డు ఖాళీగానే ఉంది. లారీ బ్రేకు వెయ్యలేదు. గుద్దిన తర్వాత మాత్రం ఆగింది. డ్రైవరు తాపీగా దిగి, కిందపడ్డ మనిషి పక్కనున్న టూల్‌బ్యాగ్ తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారాక 'కళ్ళజోడు' తన పై అధికారి పెద్దాయన ముందు కూర్చుని ఉన్నాడు. సీక్రెట్ సర్వీసులో ఇరవై ఏడేళ్ళు గడిపాక అతని అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. కళ్ళజోడు అంటేనే పలుకుతాడు. మోకాళ్ళు అరిగిపోయాయి. స్క్రీన్ల జోలికి పోవద్దని కళ్ళ డాక్టరు పోయిన నెలే చెప్పాడు.

"చనిపోయినతను మనవాడా సార్?"

"కాదు. నిజంగానే టెక్నీషియను. అదే బాధ." పెద్దాయన ఫైలు తెరిచాడు. "డ్యామ్ కంట్రోల్ రూమ్. ఇరవై నాలుగు డెస్కులు. ఇవాళ నాలుగింటికి ప్రారంభోత్సవ ఫంక్షన్లో గేట్లన్నీ పాత మాన్యువల్ సిస్టమ్ నుంచి కొత్త కంప్యూటర్ల చేతికి వెళ్తాయి. అదే క్షణంలో ఏదో ఒక డెస్కు నుంచి పన్నెండు గేట్లూ ఎత్తమని కమాండ్ వెళ్తుంది. ఎవరూ టైప్ చెయ్యకుండానే."

"కింద?"

"రిజర్వాయర్ నిండుగా ఉంది. కట్ట కింద ఊరు. లక్షా నలభై వేల మంది."

"ఫంక్షన్ వాయిదా వేయించొచ్చుగా?"

"పుకార్లకి వాయిదా వెయ్యరట. పైవాళ్ళు రుజువుగా వస్తువు తెచ్చి చూపించమన్నారు. సమాచారం ఇచ్చింది నెమలి. ఆ విదేశీ ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోంది. ఒక కీబోర్డులో చిప్ పెట్టారంటుంది. ఏ డెస్కో తెలీదంటుంది."

"నమ్మొచ్చా?"

"డబుల్ ఏజెంటు కదా. సగం నమ్ము. ఆ రూములోకి ఫోను, లాప్‌టాప్, పెన్ డ్రైవ్ ఏవీ పోనివ్వరు. కీబోర్డులు, మౌసులు, మానిటర్లు పరీక్షించే టెస్ట్ పేజీ ఒకటి అక్కడి సర్వర్లోనే ఉంది. బ్రౌజర్లో తెరుచుకుంటుంది. నీకు దొరికే ఆయుధం అదొక్కటే."

టెక్నికల్ సెక్షన్ వాళ్ళు కెమెరా ఉన్న పెన్ను కూడా ఒకటి ఇచ్చారు. దాన్ని గేటు దగ్గరే సెక్యూరిటీ గార్డు లాగేసుకున్నాడు.

తొమ్మిదిన్నరకి, చనిపోయినతని బదులు వచ్చిన టెక్నీషియన్‌గా, జేబు మీద సర్వీస్ కంపెనీ ముద్ర ఉన్న బూడిదరంగు చొక్కాలో, కళ్ళజోడు కంట్రోల్ రూములో అడుగుపెట్టాడు. పొడవాటి హాలు. ఒకవైపు గోడంతా అద్దం. అద్దం అవతల పన్నెండు ఇనుప గేట్లు, వాటి వెనక కదలని నీళ్ళు, దిగువన ఊరు. మూల బల్ల మీద ఒక టిఫిన్ డబ్బా ఉంది. ఆ టెక్నీషియను మొన్న మర్చిపోయినట్టున్నాడు. ఇక దాని కోసం ఎవరూ రారు.

ఇన్‌చార్జి లావుపాటి మనిషి, కంగారు మనిషి. "మొదలెట్టవయ్యా. నాలుగింటికి పెద్దవాళ్ళంతా వస్తున్నారు. మా ఇల్లు కూడా ఆ కిందే, చూడు, ఆ నీళ్ళట్యాంకు పక్కన. మావాళ్ళంతా డాబా ఎక్కి చూస్తామన్నారు."

కళ్ళజోడు అటు చూసి తల తిప్పుకున్నాడు.

మొదటి డెస్కు. పేజీ తెరిచాడు. తెరమీద కీబోర్డు బొమ్మ. ఏ కీ నొక్కితే బొమ్మలో ఆ గడి ఆకుపచ్చగా మారుతుంది. నూట నాలుగు కీలు నొక్కాడు. తర్వాత మౌస్ క్లిక్కులు, స్క్రోలింగ్. తర్వాత మానిటర్ టెస్ట్. తెరంతా ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు. వెలగని చుక్క ఉందేమోనని ఒక్కో రంగునీ అంచు నుంచి అంచుదాకా వెతకాలి. రెండో డెస్కు. మళ్ళీ నూట నాలుగు. మళ్ళీ ఎరుపు.

తొమ్మిదో డెస్కు దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకున్నా రంగులే కనిపిస్తున్నాయి.

"ఈ తెలుపు కాస్త పసుపు కొడుతోంది కదూ?"

వెనక నుంచి ఆడగొంతు. కోడ్ వాక్యం. అతను తిరక్కుండానే జవాబిచ్చాడు. "లేదండీ. ట్యూబులైటు వెలుగు పడుతోంది."

నీలం కోటు, ఎత్తు మడమల చెప్పులు, ఖరీదైన సెంటు. మానిటర్ల కంపెనీ ప్రతినిధి. నెమలి అని పేరు పెట్టినవాడికి కళ్ళున్నాయి. కానీ దగ్గరగా చూస్తే ఆ కళ్ళ కింద పౌడరు దాచలేని నలుపు.

"దొరికిందా?" అంది మెల్లగా.

"ఇంకా లేదు."

"త్వరగా కానివ్వండి," అని ముందుకు కదిలింది.

రెండున్నరకి పదిహేడో డెస్కు. కీలన్నీ పచ్చబడ్డాయి. కళ్ళు భగ్గుమంటున్నాయి. కీబోర్డు మీంచి చేతులు తీసి, జేబులోంచి చుక్కలమందు తీసి వేసుకున్నాడు. తుడుచుకుని చూసేసరికి తెర అడుగున ఒక కొత్త అక్షరాల వరుస.

ఎఫ్-13.

అతను కీబోర్డు వైపు చూశాడు. పై వరుసలో ఎఫ్-12 దాకానే ఉన్నాయి. పదమూడో కీ అసలు లేనే లేదు. లేని కీని ఎవరో నొక్కారు.

కదలకుండా కూర్చున్నాడు. తొంభై సెకన్లకి మళ్ళీ వచ్చింది.

లేచి మొత్తం ఇరవై నాలుగు డెస్కుల్లోనూ అదే పేజీ తెరిచి, ఏదీ ముట్టుకోకుండా హాలు మధ్యలో నిలబడ్డాడు. అన్ని తెరల్నీ ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ అటూ ఇటూ తిరిగాడు. ఐదు నిమిషాలు. పదిహేడు ఒక్కటే పలికింది. మిగతావన్నీ మౌనం.

పదిహేడో కీబోర్డు తీసి వేరేది పెట్టాడు. ఎఫ్-13. కీబోర్డే పూర్తిగా తీసేశాడు. ఎఫ్-13. మౌస్ కూడా పీకేశాడు. ఎఫ్-13.

కంప్యూటర్‌కి ఇక మిగిలినవి మానిటర్ నుంచి వచ్చే వైర్లే. వాటిలో ఒకటి యూఎస్‌బీ. దాని గుండా మానిటర్ కూడా కీబోర్డులా కీలు నొక్కగలదు.

నెమలి కారిడార్లో మంచినీళ్ళ మిషను దగ్గర ఉంది. అతను గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"చిప్ కీబోర్డులో లేదు మేడమ్. మీ మానిటర్లో ఉంది."

ఆమె కారిడార్ రెండువైపులా చూసింది.

"మానిటర్ అని చెబితే నేరుగా నా మీదికొస్తుంది. మీ అంతట మీరు కనుక్కుంటే నేను చెప్పినట్టు ఉండదని..."

"మరి ఆ టెక్నీషియను?"

"మొన్న సాయంత్రం నా దగ్గరికే వచ్చాడు. 'మేడమ్, మీ పదిహేడో మానిటర్లో ఏదో తేడా ఉంది' అన్నాడు. కంపెనీ మనిషిని కదా, నాకే చెప్పాడు పాపం. ఫంక్షన్‌కి వీడియో తీసే అతను పక్కనే ఉన్నాడు. ముఠా మనిషి. విన్నాడు." ఆమె చేతిలో గ్లాసు మిషను మీద పెట్టేసింది. "రేపు పనికి రావద్దని ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. చెప్పలేదు. భయమేసింది. పదకొండేళ్ళ నుంచీ భయంతోనే ఉన్నానండీ. అలిసిపోయాను."

అతనికి కోపం రావాలి. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

"గేటు దగ్గర మావాళ్ళున్నారు. ఇప్పుడే కబురు పెడతాను. వాళ్ళు లోపలికి వచ్చేలోగా ఆ మానిటర్ తియ్యాలి. వీడియో అతనికి అనుమానం రాకూడదు."

"వస్తే నేను మిగలను," అంది ఆమె.

అతను గేటు దగ్గరికి వెళ్ళి కబురు చెప్పి వచ్చేసరికి సెక్యూరిటీ వాళ్ళు హాలు తలుపు మూసేశారు. తనిఖీ అట. మళ్ళీ తెరిచింది మూడూ యాభై రెండుకి. అప్పటికే అతిథులు కుర్చీల్లో ఉన్నారు, వీడియో అతను స్టాండు బిగిస్తున్నాడు.

"సార్, పదిహేడో మానిటర్లో ఒక చుక్క వెలగడం లేదు. మార్చాలి," అన్నాడు కళ్ళజోడు.

ఇన్‌చార్జి కళ్ళు పెద్దవి చేశాడు. "చుక్కా? ఒక్క చుక్కకి ఇప్పుడా? వద్దయ్యా, నీకు దణ్ణం పెడతాను."

"మార్చాల్సిందే సార్."

"నువ్వు బయటికి నడువు ముందు!"

వీడియో అతను తలెత్తాడు. మూడూ యాభై ఏడు.

చెప్పుల చప్పుడు. నెమలి నవ్వుతూ వచ్చింది. వీడియో అతను చూస్తూండగానే, అందరికీ వినబడేలా అంది, "ఇన్‌చార్జిగారూ, తప్పు మాది. రేపు పేపర్లో ఫోటో పడితే మా కంపెనీ పరువు పోతుంది. మార్చేయనివ్వండి. పూచీ నాది."

ఇన్‌చార్జి మెత్తబడ్డాడు. "కానివ్వండి, కానివ్వండి!"

కళ్ళజోడు డెస్కు కింద దూరాడు. మోకాళ్ళు పటుక్కుమన్నాయి. పవర్ వైరు తీశాడు. వీడియో వైరు తీశాడు. యూఎస్‌బీ వైరు ఇరుక్కుంది. పైన ఎవరో మైకులో పది నుంచి వెనక్కి లెక్కపెడుతున్నారు. చేతులు చెమటకి జారుతున్నాయి. నాలుగు. మూడు. రెండు చేతులతో పట్టి గుంజాడు. వైరు ఊడి అతని నుదుటికి తగిలింది.

చప్పట్లు.

డెస్కు కింద నుంచే చూశాడు. అందరి కళ్ళూ వేదిక మీది బటన్ మీద ఉన్నాయి. వీడియో అతని కెమెరా మాత్రం అద్దం అవతలి గేట్లవైపు తిరిగి ఉంది. గేట్లు కదల్లేదు. వీడియో అతను ఇంకాసేపు అటే చూశాడు. ఆ తర్వాత అతని భుజం మీద చెయ్యి పడింది. అది పెద్దాయన పంపిన మనిషి చెయ్యి.

నెమలిని ఇంకో కారులో తీసుకెళ్ళారు. ఎక్కే ముందు ఒకసారి వెనక్కి చూసింది. అది అరెస్టో, రక్షణో ఆమెకీ తెలియదు, అతనికీ తెలియదు. టెక్నీషియన్ ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పాలో మాత్రం అతనికి తెలుసు. ఆ కబురు తనే మోసుకెళ్ళాలనుకున్నాడు.

కళ్ళజోడు మానిటర్ చంకన పెట్టుకుని వెళ్ళబోతుంటే ఇన్‌చార్జి ఆపాడు. అతనికి ఏమీ తెలియదు, ఎవరూ చెప్పలేదు. డాబా మీద నుంచి చెయ్యూపుతున్న తనవాళ్ళకి అద్దంలోంచి చెయ్యూపుతూనే, రెండో చేత్తో సర్వీస్ రిపోర్టు మీద సంతకం పెట్టి, అభిప్రాయం అన్నచోట గట్టిగా నొక్కి రాశాడు.

"పని పర్వాలేదు. మనిషే, చిన్నదాన్ని పెద్దది చేసే రకం."