అతికించిన పేజీలు

దీపావళి వెళ్ళి మూడు వారాలైంది. పుణేలో, సదాశివ పేఠ్ ఇంటి ముందుగదిలో మాలినీబాయి లిమయే పోహా పళ్ళెం పక్కకు నెట్టి పత్రికలు సర్దుతోంది. దీపావళి ప్రత్యేక సంచికలను సభ్యులకు వంతులవారీగా చదవడానికిచ్చే చిన్న గ్రంథాలయం ఆమెది. ముప్పై ఏళ్ళుగా అదే చాకిరీ. ఈ ఏడు నడుము కంటే మనసే ఎక్కువ అలిసింది.

అందరూ పిన్నిలా కాకూ అని పిలిచే పాత సభ్యురాలు ఆగాశే వచ్చి, తను తీసుకెళ్ళిన సంచిక బల్లమీద పడేసింది. ఆవిడకు డెబ్బై దాటినా నోటికి మాత్రం వయసు రాలేదు.

"ఏం మాలినీ, తొమ్మిది పేజీలు పిండి జిగురుతో అతికించావేం? అన్నం ఆవిరి పట్టి విడదీసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది!"

మాలినీబాయి ముఖం పాలిపోయింది. "చదివారా?"

"రెండుసార్లు. నీ కూతురు మృణ్మయి కథ ఎంత బాగా రాసిందే! ఒకామె ఇంకొకామెను 'నీకేం కావాలి' అని అడుగుతుంది చూడూ... నా పెళ్ళై యాభై ఏళ్ళు. నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు."

కాకూ ఇంకో సంచిక తీసుకుని వెళ్ళిపోయింది. తల్లికి మందులిచ్చి పోదామని వచ్చిన మృణ్మయి లోపలి గుమ్మంలో నిలబడి అంతా వింది.

"అన్ని ప్రతులకీ అతికించావా ఆయీ?" అని తల్లిని అడిగింది.

"పదకొండుకీ."

"అంత సిగ్గా నేనంటే? రేవా ఉత్త స్నేహితురాలు కాదని ఆరేళ్ళుగా నీకు తెలుసు. తెలిసీ తెలియనట్టుంటావు. ఎవరి ప్రేమకథలకో కళ్ళనీళ్ళు పెట్టుకుంటావు, నీ కూతురి కథకి జిగురు పూస్తావు. నేనూ అలిసిపోయాను!"

మాలినీబాయి కుర్చీలో కూలబడింది. "సిగ్గు కాదే. ఆ పిల్లని నువ్వు చూసే చూపు చూశాను. మీ నాన్న నన్నొక్కసారి అలా చూసుంటే బావుండునని ఏడ్చాను కూడా."

"మరెందుకు?"

"నీ కథ ఎలా మొదలవుతుంది?"

మృణ్మయి తల దించుకుంది. 'అమ్మ పోయిన పదమూడో రోజు నేను ప్రేమించినామెను మా ఇంటికి తీసుకొచ్చాను' అని రాసింది తను.

"ఆ అమ్మకి నా చీర, నా కళ్ళజోడు, నా దగ్గు. నన్ను చంపితే గానీ నీకు ఆ తలుపు తెరుచుకోలేదు. ఇంతమంది సభ్యులకి నా చావును నా చేత్తో ఎలా ఇవ్వమన్నావు?"

మృణ్మయి నేలమీద కూర్చుని తల్లి ఒళ్ళో తల దాచుకుంది. "బతికున్న అమ్మకి ఎలా చెప్పాలో తెలీలేదు, ఆయీ."

ఆ మాట నిజమని మాలినీబాయికి తెలుసు. ఆరేళ్ళుగా కూతురు నోరు తెరిచినప్పుడల్లా మాట తప్పించింది తనే. కథలోని ఆ చావులో సగం తను రాయించిందే. కూతురి జుట్టు నిమురుతూ చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టింది.

"రేవాకి చెయ్యి. మా అమ్మ బతికే ఉంది, ఇంటికి రమ్మంటోందని చెప్పు."