నీళ్లు కారే కళ్లకు మందెందుకు?

పొద్దున్నే చొక్కా తొడుక్కుంటూ వెల్డింగ్ మేస్త్రి ఇల్లు అదిరిపోయేలా అరిచాడు.

"ఏమే! ఇదేం కుట్టుడే? గుండీ ఒకచోట, కాజా ఒకచోట! గేట్లు వంకరగా చేసేవాడు చొక్కా కూడా వంకరగానే తొడుక్కొచ్చాడని షాపులో నవ్వరూ?"

కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ భార్య వంటగదిలోంచి వచ్చింది. "సరిగ్గా కనపళ్లేదండీ. ఇటివ్వండి, విప్పి మళ్లీ కుడతాను."

"అదిగో, కుళాయి విప్పేశావ్. ఒక్క మాటంటే చాలు, బొటబొటా కార్చేస్తావ్."

"ఏడవట్లేదండీ. వాటంతటవే కారుతున్నాయి."

"నా కళ్లూ వాటంతటవే మండుతున్నాయి. నేనేమన్నా ఊరంతా చాటుతున్నానా?"

చాటుతూనే ఉన్నాడు, ఎనిమిది నెలలుగా. ఇరవై రెండేళ్లు వెల్డింగ్ మంట ముందు కూర్చుంటే కళ్లు ఎండిపోయాయనీ, రెప్ప వేస్తే ఇసుక గీసుకున్నట్టుంటోందనీ కనపడ్డవాడికల్లా చెప్పేవాడు. అందులో అబద్ధమేం లేదు. అందుకే భార్య, తన ఫ్యాక్టరీలో నెలనెలా ఇచ్చే కళ్ల క్యాప్సూల్స్ సీసా తెచ్చి అతని చేతికే ఇచ్చేది. తేనెరంగువి, రోజుకు రెండు. అతను మింగడం, త్రేన్చడం, చేపనూనె కంపని ఆమెనే తిట్టడం.

ఆమె పని కూడా ఆ క్యాప్సూల్స్‌తోనే. కింద తెల్లటి లైటు వెలిగే బెల్టు మీద అవి దొర్లుకుంటూ పోతుంటే చొట్టపడ్డవీ, కారేవీ ఏరి పక్కన పడెయ్యాలి. రెప్ప వేస్తే నాలుగు దాటిపోతాయి. అందుకని పదకొండేళ్లుగా ఆ బల్ల దగ్గర ఆమె రెప్ప వెయ్యడమే మానేసింది. ఇంట్లో ఆమె "ఏమే". ఫ్యాక్టరీలో మాత్రం "డేగ". కొత్తగా చేరిన పిల్లలందరికీ ఏరడం నేర్పింది ఆమే. ఆ సీట్లో ఉండాలంటే ఏటా కళ్ల పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్ష ఇవాళే.

కాలేజీకి బయల్దేరుతూ కూతురు గుమ్మంలో ఆగింది. "నాన్నా, ఆ క్యాప్సూల్స్ కొన్నాళ్లు అమ్మని వేసుకోనివ్వొచ్చుగా?"

"అవి ఎండిన కళ్లకే పిచ్చిదానా! నీళ్లు కారే కళ్లకు మందెందుకు? ఇంట్లోకి వరద రావాలా?"

భార్య కూడా నవ్వేసింది. నిజమే కదా అనుకుంది పాపం.

సాయంత్రం నాలుగింటికి షాపుకి కూతురు ఫోన్ చేసింది. "ఇంటికి రా నాన్నా." ఎందుకో చెప్పలేదు. వచ్చేసరికి భార్య మంచం అంచున కూర్చుని ఉంది. పక్కన పొరుగింటి ఆవిడ. ఫ్యాక్టరీలో పక్క బల్ల ఆమెదే.

"అన్నయ్యా, ఆ సీసాలు ఎవరు మింగారు?" చెప్పులైనా విప్పకముందే అడిగింది పొరుగావిడ.

"ఏమైందసలు?"

"పరీక్షకి మంచివాటిలో ముప్ఫై పాడు క్యాప్సూల్స్ కలిపి పెట్టారు. అక్క పంతొమ్మిదే ఏరింది. సోమవారం నుంచి సీసాలు కడిగే గదికి పొమ్మన్నారు. ఇచ్చినవి వేసుకోలేదా అని ఫ్యాక్టరీ డాక్టరమ్మ అడిగితే, వేసుకున్నానండీ అంది. మీకోసం అబద్ధమాడింది."

"దానికి నీళ్లు కారే జబ్బమ్మా! ఎండిపోవడం కాదు..."

"ఎండిపోతేనే అలా కారతాయిట! లోపల ఉండాల్సిన తడి ఉండదు. అందుకని కన్ను ఊరికే నీళ్లు తెచ్చి పోసుకుంటుంది. అవి నిలవవు, జారిపోతాయి."

మేస్త్రి గబగబా వెళ్లి అలమరలోంచి సీసా తెచ్చాడు. అడుగున ఆరు మిగిలాయి. భార్య ఒళ్లో పెట్టాడు. "ఇవాళ్టినుంచి నువ్వే వేసుకో. అయిపోతే నేను కొనుక్కొస్తా. సరేనా?" అనగానే గుండె మీద బరువు సగం దిగినట్టయింది.

కూతురు ఆ సగం కూడా దిగనివ్వలేదు. "ఆంటీ పిలిస్తే ఫ్యాక్టరీకి వెళ్లి అది కూడా అడిగాను నాన్నా. అవి కొందరికి కాస్త పనిచేస్తాయేమో గానీ, అమ్మ కళ్లు వాటితో బాగయ్యేవి కావంది డాక్టరమ్మ. రోజుకి ఎన్ని గంటలు పడుకుంటావని అడిగింది. అమ్మ చెప్పలేదు. నేనే చెప్పా, నాలుగున్నర అని. పోనీ ఇంటికొచ్చాక పది నిమిషాలు కళ్లు మూసుకుంటావా అంది. అమ్మ నవ్వింది."

"మూసుకున్నాగా, మొన్న ఆదివారం," భార్య నోరు తెరిచింది. "రిమోట్ ఎక్కడుందని మీ నాన్న లేపారు."

"అంటే తప్పంతా నాదేనా? నేను మాత్రం పూలపాన్పు మీదున్నానా? మంట ముందు..."

"మీ కళ్లు మండుతున్నాయంటే ఇంట్లో లైట్లన్నీ ఆర్పేశాం," ఆమె గొంతు పెంచలేదు. "పిల్ల వెళ్లి మెట్ల మీద చదువుకుంది. రోజూ అర్ధరాత్రి దాకా మీ కళ్ల మీద తడిగుడ్డ వేశాను. నావి కారితే కుళాయన్నారు. అక్కడ నన్ను డేగంటారండీ. ఎల్లుండి నుంచి ఏమంటారో."

పొరుగావిడ మెల్లగా లేచి వెళ్లిపోయింది. మేస్త్రి మింగింది రోజుకు రెండు క్యాప్సూల్స్ కాదు. ఆమె నిద్ర. అది ఏ మందుల షాపులోనూ దొరకదు.

"ఇంకేం చెప్పింది డాక్టరమ్మ?" అన్నాడు.

"వేడినీళ్లలో గుడ్డ ముంచి రెప్పల మీద వెయ్యమంది. రోజూ పది నిమిషాలు," అంది కూతురు.

వంటగదిలోకి వెళ్లాడు. గిన్నెలు దడదడా కింద పడ్డాయి.

"ఎడమవైపు, కింద అర," మంచం మీంచే చెప్పింది భార్య. "గుడ్డలు తలుపు వెనకాల."

వేళ్లు కాల్చుకుని గుడ్డ పిండాడు. ఆమెని పడుకోబెట్టి కళ్ల మీద పరిచాడు. పక్కనే కుర్చీ లాక్కుని గడియారం చూస్తూ కూర్చున్నాడు. చొక్కా ఇంకా వంకరగానే ఉంది.

"పది నిమిషాలయిందా? స్టవ్ మీద..."

పన్నెండు నిమిషాలయింది. "ఇంకా నాలుగే అయింది," అన్నాడు. "పడుకో."

గుడ్డ కిందనుంచి ఒక చార చెవివైపు జారింది. వేడినీళ్లో, కన్నీళ్లో. కుళాయని మాత్రం అనలేదు. తనకీ ఏడుపొచ్చింది. కళ్లు భగభగా మండాయి. ఎనిమిది నెలలు మందు మింగిన కళ్లు అవి. ఒక్క చుక్క రాలలేదు.