విడిచేప

ఉప్పదనం ముప్పై అయిదు. వేడి ఇరవై ఆరు. పగడాల రంగు బాగుంది. సుభాషిణి ఒక్కొక్కటీ మణికట్టు మీది గణకానికి చెప్పి, తొట్టి అద్దం దగ్గరకు వంగి చేపలను లెక్కపెట్టింది. లెక్క ఒకటి దగ్గరే ఆగిపోయింది.

"మిగతావి రాళ్ల వెనకున్నాయా?"

నూకరాజు కుర్చీలోంచి లేవలేదు. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు మరపడవల ఇంజన్లు బాగుచేసేవాడు.

"లేవమ్మా. ఏడింట్లో అదొక్కటే మిగిలినాది. బలమైనది బలం లేనిదాన్ని మూలకి తరిమీసి తిండి తిననిచ్చీది కాదు. అది సచ్చిపోతే ఇంకోదాని మీద పడీది."

నీలిరేకులు బొటనవేలంత చేపలు. పగడాల జోలికీ, రొయ్యల జోలికీ పోవు. సముద్రంలో వందలుగా తిరిగినంత కాలం వాటిలో ఏ ఒక్కదాని మీదా బలమైనవాటి కోపం నిలిచేది కాదు. సముద్రాలు వేడెక్కి పగడపు దిబ్బలన్నీ తెల్లబడి చచ్చాక, దొరికిన ప్రాణులను సాగరనిధి సంస్థ ఇంటింటికీ పంచింది. ఇంటికొక తొట్టి, తొట్టికొక వంశం. వంశాలు కలపకూడదు. తొట్టిలో చేపల గుంపున్న గదికి మాత్రమే పగలంతా చల్లదనం వస్తుంది. గుంపు మూడుకన్నా తగ్గితే చేపలు శీతనిధికి వెళ్తాయి. అక్కడ వాటి కణాలను గడ్డకట్టించి దాస్తారు.

తొట్టి పక్కన, అద్దానికి ఆనించి ఒక స్టీలు కంచం ఉంది. చేప అటువైపే ఈదుతోంది. ఆగి, తిరిగి, మళ్లీ అక్కడికే వస్తోంది.

"ఆ కంచం ఎందుకు పెట్టారు?"

"బూడిదతో తోమి ఎట్టినాను. తన నీడ సూసుకుని ఇంకోటుందనుకుంటాది. అలగైతేనే తింటంది."

"విడిచేప. సేకరించండి," అంది గణకం.

నాలుగేళ్ల ఉద్యోగంలో ఇది ముప్పై రెండోది. ఇలాంటప్పుడు ఇంటివాళ్ల ముఖం చూడకుండా పని ముగించడం సుభాషిణికి అలవాటైంది. ఆమె వల, ప్లాస్టిక్ కవరు తీసేసరికి నూకరాజు లేచాడు.

"నీకు సిక్కదు. ఇటియ్యి ఆ కవరు."

గ్లాసు నీటిలో ముంచి పట్టుకున్నాడు. తిండి పెట్టే చెయ్యే కదా అని చేప తనంతట తానే గ్లాసులోకి వచ్చింది. దాన్ని కవర్లోకి వంచి, మూతి బిగించి ఆమె చేతిలో పెట్టాడు.

"సంచీలో ఎట్టకమ్మా. సీకటంటే దానికి బెదురు."

సుభాషిణి కవరును చేత్తోనే పట్టుకుని మెట్లు దిగింది. సాగరనిధి తన ఉద్యోగులకు తొట్టి ఇవ్వదు. ఆమె గది సాయంత్రానికి కుంపటిలా కాలుతుంది. ఇంటికి వెళ్లాక ఆమె మాట్లాడేది గణకంతోనే. అది అంకెల్లో జవాబిస్తుంది.

జాబితాలో తరవాతిది రెండో అంతస్తులో ఇల్లు. సింహాద్రమ్మ తలుపు తీసి, తొట్టికి అడ్డంగా నిలబడింది. బడిలో వంట చేసి మానేసిన మనిషి.

"రెండే ఉన్నాయి. అట్టుకుపోతావా?" అని, కవరు వైపు చూసింది. "అదెవరిది?"

"నాలుగో అంతస్తు నూకరాజు గారిది."

"పదేళ్లయినాది నాను ఈ మేడకొచ్చి. అలాటి మనిషున్నాడనే తెల్దు."

తొట్టిలోని రెండు చేపలూ అద్దం దగ్గరకు వచ్చాయి. కవర్లోది అటువైపు ముక్కుతో పొడుస్తోంది. పొడిచిన ప్రతిసారీ సుభాషిణి అరచేతికి తెలుస్తోంది.

ఆమె కవరును తొట్టి అద్దానికి ఆనించింది.

"పైకెళ్లి ఆయన్ని పిలుచుకురండి," అంది. "దీన్ని మీ తొట్టిలో వదులుదాం. ముందు రాళ్లు కదపాలి. చోటు మారితే మూడూ కొత్తవే అవుతాయి. ఇది నాదని ఏదీ తరమదు."

నూకరాజు మోచేతుల దాకా నీళ్లలో పెట్టి రాళ్లన్నీ తారుమారు చేశాడు. చేపను వదిలారు. వదలగానే ఒకటి దాని మీదికి దూకింది. కొత్తది రాతి సందులో దూరింది. ముగ్గురూ అద్దం మీదికి వంగారు. చాలాసేపటికి అది బయటికొచ్చింది. ఈసారి ఏదీ దాని మీదికి దూకలేదు. మూడూ ఒక్కసారే పక్కకు తిరిగాయి.

"సద్దుకుంటాయేటి?" అడిగింది సింహాద్రమ్మ.

"సెప్పలేను. తిండి రవ్వరవ్వ రోజుకి నాలుగుసార్లెయ్యాల. నా గదికి ఇంక సల్లదనం రాదు. నాకూ పనుండదు. నానొచ్చి ఏస్తాను."

"రా, మరి. కుర్చీ ఒక్కటే ఉంది. ఇంకోటి తెచ్చుకో."

గణకం అడిగింది: "గుంపు?"

"మూడు."

"వంశం?"

"రెండు."

"చెల్లదు. పొరపాటైతే సరిచేయండి."

సరిచేయడానికి ఒక్క మాట చాలు. "పొరపాటు కాదు," అంది సుభాషిణి. "మూడు చేపలు. రెండు వంశాలు, రెండిళ్లు. కలిపింది నేనే. బతకాలని కలిపాను."

గణకం ఎన్నడూ అంతసేపు తీసుకోలేదు. ఆమె చూస్తుండగానే మిగిలిన ఇళ్ల జాబితా చెరిగిపోయింది.

"కొత్త పద్ధతిగా నమోదైంది. పై అధికారి పరిశీలనకు ఒక గంట. నగరంలో విడిచేపలున్న ఇళ్లు నాలుగు వందల పన్నెండు. ఒక్కో ఇంటికీ దగ్గరి గుంపు చూపించమంటారా?"

గంట తరవాత తన ఉద్యోగం ఉండదని సుభాషిణికి తెలుసు. ఆ గంట మాత్రం ఆమెదే.

"చూపించు," అంది.

గణకం కబురు అందినట్టు ఎదురింట్లో తొట్టి గంట మోగింది. తరవాత కింద ఎక్కడో, ఆ తరవాత పైన. ఆమె మెట్ల మీదికి వచ్చేసరికి నెరిసిన జుట్టు మనిషొకడు బకెట్టుతో ఆయాసపడుతూ ఎక్కుతున్నాడు. నీళ్లలో ఒకే ఒక్క చేప.

"అయిదో అంతస్తులో రెండున్నాయంట. ఎవరిల్లమ్మా?"

"నాకూ తెలీదండి," అంది సుభాషిణి. బకెట్టు పిడిని రెండో పక్క పట్టుకుంది. "పదండి, అడుగుదాం."