ఒకే పేరుతో రెండు సిగ్నళ్లు

సోమవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకి రాజ్ కుమార్ లైబ్రరీ మేడ మీదినుంచి పడి చనిపోయాడు.

ముప్పై నాలుగేళ్లవాడు. భీమవరం శివార్లలోని తీరాంధ్ర టెక్నికల్ యూనివర్సిటీలో నెట్‌వర్క్ ఇంజనీరు. తొమ్మిది వేలమంది ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ క్యాంపస్ వైఫై అందించడం అతని పని. మేడ మీద యాంటెన్నా సరిచేస్తూ కాలు జారాడని పోలీసులు రాసుకున్నారు. ఆ మేడ మీద యాంటెన్నాయే లేదన్న సంగతి ఎవరూ పైకెక్కి చూడలేదు.

చనిపోవడానికి ఇరవై నిమిషాల ముందు అతను రాజమండ్రికి ఫోన్ చేశాడు. "గోదావరి పంపుసెట్ల సర్వీసింగ్" అని బోర్డున్న ఆఫీసుకి. లోపల ఒక్క పంపుసెట్టూ ఉండదు. అది కేంద్ర గూఢచార విభాగంలో చిన్న శాఖ. ఒక సైబర్ భద్రత శిక్షణలో, అనుమానం వస్తే చెప్పమని అతనికి ఆ నంబరిచ్చింది ఏజెంట్ వెంకటదుర్గే. ఫోనెత్తిందీ ఆమే.

"మేడమ్, మా క్యాంపస్‌లో ఒకే పేరుతో రెండు వైఫై సిగ్నళ్లు వస్తున్నాయండి. ఒకటి మాది కాదు."

"ఎక్కడినుంచి?"

"లైబ్రరీ బిల్డింగ్. పై అంతస్తుల్లో ఎక్కడో."

"ఒకసారి పైదాకా వెళ్లి చూసి చెప్పండి. ఎవరితోనూ అనకండి."

"అలాగేనండి."

ఆ "అలాగేనండి" తర్వాత ఎన్ని రోజులైనా దుర్గ చెవిలోంచి పోలేదు.

సాయంత్రం నాలుగింటికి శాఖాధిపతి జానకిరామ్ ఆమెని తన గదిలోకి పిలిచాడు. రిటైర్మెంటుకి ఏడాది దూరంలో ఉన్న మనిషి. చెడ్డ కబురు చెప్పే ముందు కళ్లజోడు తుడుచుకోవడం అలవాటు.

"జలదీపం గురించి నీకేం తెలుసు దుర్గా?"

"వేట బోట్లకి పెట్టే యంత్రం సర్. తుఫాను హెచ్చరిక బోటుకి అందిస్తుంది. బోటు ఎక్కడుందో కోస్ట్‌గార్డ్‌కి చెబుతుంది. మా తమ్ముడు చిన్నబ్బాయి బోటుకీ ఉంది."

"అలాంటివి మూడొందల పన్నెండు. తయారుచేసింది ఆ యూనివర్సిటీ ప్రొఫెసర్ నాగరత్నం గారు. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి అన్ని బోట్లకీ ఆవిడ కొత్త సాఫ్ట్‌వేర్ పంపుతున్నారు. అంతకు పది నిమిషాల ముందు సర్వర్ తెరుస్తారు. ఆ కాస్త వ్యవధిలో ఆవిడ పాస్‌వర్డ్‌తో ఇంకొకళ్లు దూరితే?"

"వాళ్ల సాఫ్ట్‌వేర్ వెళుతుంది."

"వెళితే, మన బోట్ల పక్కనించి పోయే ప్రతి నేవీ షిప్ వివరమూ విదేశానికి చేరుతుంది. బోటులో ఉన్నవాడికి తెలియదు. రెండేళ్లకో మూడేళ్లకో ఎవరో కనిపెడతారు. అప్పుడు చేతులకి బేడీలు ఎవరికి పడతాయో చెప్పు."

దుర్గ పుట్టింది మొగల్తూరు దగ్గర సముద్రపొడ్డున. ఆ బోట్లలో సగంమంది ఆమెకి ఏదో వరసైనవాళ్లే. వాళ్లని దేశద్రోహులంటూ జీపెక్కించే దృశ్యం కళ్ల ముందు మెదిలింది.

"అప్‌డేట్ ఆపించేద్దాం సర్. వైఫై కట్టించేద్దాం."

"కట్టేస్తే పారిపోతారు. ఇంకో క్యాంపస్‌లో మొదలెడతారు. రాజ్ కుమార్‌ని తోసినవాడు దొరకడు. నాకు మనిషి కావాలమ్మా, వేళ్లు కీబోర్డు మీద ఉండగా. అందాకా నకిలీ సిగ్నల్ జోలికి పోవద్దు. ఆ గూఢచారుల రింగులో మనమ్మాయి ఒకతె ఉంది. రెండేళ్లుగా వాళ్ల మనిషి, ఆర్నెల్లుగా మన మనిషి. కోడ్ మాటతో నీ దగ్గరికి తనే వస్తుంది."

"నమ్మొచ్చా సర్?"

జానకిరామ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "అవసరమున్నంతవరకు."

మంగళవారం పొద్దున్న లైబ్రరీ కింది అంతస్తులోని వైఫై హెల్ప్‌డెస్క్‌లో కొత్త టెక్నికల్ అసిస్టెంట్ చేరింది. మెడలో ఐడీ కార్డు మీద పేరు లోవలక్ష్మి. నూనె రాసి బిగించిన జడ, దళసరి అద్దాల కళ్లజోడు, చేతిలో స్టీలు క్యారేజీ. పై గిన్నెలో పెరుగన్నం. కింది గిన్నెలో సిగ్నల్ మీటరు.

అప్పుడే కొత్త సెమిస్టర్ మొదలైంది. బల్ల ముందు క్యూ తరగడం లేదు.

"మేడమ్, కనెక్టింగ్ అంటూ తిరుగుతూనే ఉందండి."

"ఇలా ఇవ్వండి. యూజర్ నేమ్ మీ రోల్ నంబరు. పాస్‌వర్డ్ మీరే కొట్టండి. ఇదిగో, సీఏ సర్టిఫికెట్ అన్నచోట..."

అక్కడ ఆమె గొంతు ప్రతిసారీ ఆగిపోయేది. సర్టిఫికెట్ అంటే నెట్‌వర్క్ తన గుర్తింపు కార్డు ఫోనుకి చూపించడం. చూడక్కర్లేదని నొక్కితే, అదే పేరు తగిలించుకున్న ఏ పెట్టె అడిగినా ఫోను పాస్‌వర్డ్ ఇచ్చేస్తుంది. వెనక గోడ మీద మాత్రం పెద్దక్షరాలతో కాగితం అంటించి ఉంది: "డు నాట్ వాలిడేట్ ఎంచుకోండి. త్వరగా కనెక్ట్ అవుతుంది." దాన్ని తీయించమని రాజ్ కుమార్ పెట్టుకున్న రెండు అర్జీలు సొరుగులో దొరికాయి. రెండింటి మీదా ఎవరో "చూద్దాం" అని రాసి సంతకం పెట్టారు.

ఆ కాగితం చింపడానికి దుర్గకీ వీల్లేదు. చింపితే రింగు కనిపెడుతుంది. రోజుకి నూటయాభైమంది పిల్లలకి తన చేత్తోనే తప్పు మీట నొక్కించింది. "థాంక్యూ మేడమ్" అని వాళ్లు నవ్వి వెళుతుంటే తల పైకెత్తలేకపోయింది.

బుధవారం భోజనాల వేళ క్యారేజీ పట్టుకుని మెట్లెక్కింది. మీటరులో అంకెలు సున్నాకి దగ్గరయ్యేకొద్దీ సిగ్నల్ దగ్గరైనట్టు. మొదటి అంతస్తులో మైనస్ డెబ్బై. రెండో అంతస్తు వరండాలో మైనస్ యాభై. వరండా చివర మంచినీళ్ల కూలర్ పక్కన మైనస్ ముప్పై ఒకటి. నకిలీ పెట్టె కూలర్ లోపలే ఉంది. కూలర్ మీద ఎర్ర రంగుతో రాసి ఉంది: "నీలాబ్జ ఆక్వా ఫీడ్స్ వారి సౌజన్యం." పిల్లలు వరసగా నిలబడి సీసాలు నింపుకుంటున్నారు. ఒకమ్మాయి పక్కకి జరిగి, "ముందు మీరు పట్టుకోండి మేడమ్" అంది. దుర్గ గ్లాసు నింపుకుని తాగింది. నీళ్లు చల్లగా, బాగున్నాయి.

రొయ్యల మేత అమ్మే ఆ కంపెనీకి మేనేజర్ రాజేంద్ర. ప్లేస్‌మెంట్ల పేరు చెప్పి వారానికోసారి క్యాంపస్‌కి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా కూలర్ బాగుందో లేదో తనే చూసుకునేవాడట. ఎంత మంచి మనిషో అని లైబ్రరీ స్టాఫంతా మెచ్చుకున్నారు.

గురువారం బల్ల ముందుకి శ్రీదివ్య వచ్చింది. కమ్యూనికేషన్ స్కిల్స్ ట్రైనర్. నెమలికంఠం రంగు చీర, తల మీదికి తోసిన గాగుల్స్, ఖరీదైన సెంటు. క్యూలో ఉన్న కుర్రాళ్లు మాట్లాడటం మానేశారు. ఫోను బల్ల మీద పెట్టింది.

"సిగ్నల్ నిండుగా ఉందండి. గడపలోనే ఆగిపోతోంది."

కోడ్ అదే. దుర్గ జవాబు చెప్పింది. "పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం పెద్దది మర్చిపోయుంటారండి."

ఇద్దరూ ఫోను మీదికి వంగారు.

"నాగరత్నం గారి పాస్‌వర్డ్ మొన్ననే దొరికింది వాళ్లకి," అంది శ్రీదివ్య పెదవులు కదలకుండా. "శనివారం రాజేంద్రే స్వయంగా చేస్తాడు. సర్వర్ బయటి మెషీన్లని నమ్మదు, క్యాంపస్ లోపలినుంచే చేయాలి. ఎక్కడినుంచన్నది చివరి నిమిషంలో చెబుతాడు."

"రాజ్ కుమార్ సంగతి?"

శ్రీదివ్య వేలు స్క్రీన్ మీద ఆగింది. "ఇప్పుడు అడక్కండి," అని ఫోను తీసుకుని వెళ్లిపోయింది.

శుక్రవారమంతా దుర్గకి ఆ ఒక్క మాటే గుచ్చుకుంటూ ఉంది. అబద్ధం చెప్పేవాళ్లయితే "నాకు తెలియదు" అనేవాళ్లు. నిజం చెప్పేవాళ్లయితే చెప్పేవాళ్లు. ఇది రెండూ కాదు.

శనివారం పదకొండూ నలభై ఆరుకి శ్రీదివ్యనుంచి మెసేజ్. "పార్కింగ్. వేపచెట్టు కింద తెల్ల కారు."

దుర్గ తన కంప్యూటర్ లాక్ చేసి లేచింది. పార్కింగ్ క్యాంపస్‌కి అవతలి కొసన ఉంది. మఫ్టీలో ఉన్న ముగ్గురు పోలీసుల్ని వెంటబెట్టుకుని ఎండలో వేగంగా నడిచింది. పదకొండూ యాభై నాలుగుకి తెల్ల కారుని నాలుగు వైపులా చుట్టుముట్టారు.

కారులో ఎవరూ లేరు. సీటు మీద తెరిచిన లాప్‌టాప్. స్క్రీన్ మీద ఏమీ లేదు.

మోసపోయాం అనుకుంది దుర్గ. అనుకున్న మరుక్షణమే ఫోను మోగింది.

"కారు అబద్ధమండీ," అంది శ్రీదివ్య. ఆయాసపడుతోంది. "నన్ను పరీక్షించాడు. మీ వాళ్లు అటు పరిగెత్తితే నేను చెప్పినట్టేగా. వాడు మీ కుర్చీలోనే కూర్చున్నాడు. హెల్ప్‌డెస్క్‌లో. మీ కంప్యూటర్లో నాగరత్నం గారి పేరుతో దూరాడు, దాన్ని సర్వర్ నమ్ముతుంది. నేను లోపలికి వెళ్తున్నాను."

"ఆగండి, మీరొక్కరే..."

లైన్ తెగిపోయింది.

పోలీసులు ముగ్గురూ లైబ్రరీ వైపు పరుగు తీశారు. ఎంత పరిగెత్తినా అయిదు నిమిషాలు. టైం పదకొండూ యాభై ఆరు. దుర్గ నాగరత్నం గారికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. ల్యాబ్‌లోకి ఫోన్లు తీసుకెళ్లరు.

అప్పుడామెకి హెల్ప్‌డెస్క్ క్యూ గుర్తొచ్చింది. ఆ వారమంతా ఏడుపు మొహాలతో వచ్చిన పిల్లలు. "మేడమ్, అయిదుసార్లు తప్పు కొట్టానండి. అకౌంట్ లాకైపోయింది." ఎవరైనా, ఎక్కడినుంచైనా, ఒక పేరు మీద అయిదుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే చాలు, అరగంట దాకా ఆ అకౌంట్‌తో వైఫై అయినా సర్వర్ అయినా ఏ పనీ జరగదు. ప్రొఫెసర్లకైనా అదే రూలు.

వైఫై తెరిచింది. యూజర్ నేమ్ దగ్గర నాగరత్నం గారి పేరు కొట్టింది. సర్టిఫికెట్ అన్నచోట, ఆ వారంలో మొదటిసారిగా, సరిచూడమని నొక్కింది. నకిలీ పెట్టె దగ్గర తప్పు కొడితే ఏ అకౌంటూ లాక్ కాదు. అసలు నెట్‌వర్కే కావాలి. పార్కింగ్‌లో ఒక్క గీత సిగ్నల్.

కనెక్టింగ్... కనెక్టింగ్...

తప్పు పాస్‌వర్డ్. ఒకటి.

మళ్లీ కొట్టింది. గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది. రెండు. దుర్గ లైబ్రరీ వైపు పరిగెత్తడం మొదలుపెట్టింది. చెమట చేత్తో మీటలు సరిగ్గా తగలడం లేదు. తప్పు కొట్టడానికి కూడా ఇంత తిప్పలు పడాలా! మూడు. కామర్స్ బ్లాక్ దగ్గర సిగ్నల్ రెండు గీతలైంది. నాలుగు. పదకొండూ యాభై తొమ్మిది. కనెక్టింగ్ అన్న మాట కదలడం లేదు. ఎదురొస్తున్న లెక్చరర్ ఎవరో "ఏంటండీ, ఏమైంది?" అని అడుగుతున్నాడు. కనెక్టింగ్...

"మీ అకౌంట్ తాత్కాలికంగా నిలిపివేయబడింది."

ఆమె లైబ్రరీ గుమ్మం చేరేసరికి రాజేంద్ర నేల మీద బోర్లా పడి ఉన్నాడు. అతని వీపు మీద ఒక పోలీసు మోకాలు. కంప్యూటర్ స్క్రీన్ మీద నీలం గీత తొంభై ఆరు శాతం దగ్గర ఆగి ఉంది. దాని కింద, చివరి ఆమోదానికి పాస్‌వర్డ్ అడిగిన గడిలో, ఎర్రక్షరాలు.

శ్రీదివ్య మెట్ల మీద కూర్చుని ఉంది. కుడి మణికట్టు వాచి, వంకరగా వేలాడుతోంది. కుర్చీ వెనకనుంచి అతని చేయి పట్టుకుని నిమిషంన్నర వదల్లేదని అటెండర్ యెహెజ్కేలు చెప్పాడు. "ఆయమ్మ చెయ్యి విరిచేశాడండీ. అయినా ఒదల్లేదండి."

దుర్గ పక్కన కూర్చుంది.

"సోమవారం రాజ్ కుమార్ పైకెళ్తున్నాడని రాజేంద్రకి చెప్పింది నేనే," అంది శ్రీదివ్య. "చెప్పకపోతే నా మీద అనుమానం వచ్చేది. మహా అయితే కూలర్ మార్చేస్తారనుకున్నానండి. అంతే అనుకున్నాను."

"అతన్ని పైకి వెళ్లమన్నది నేనండి," అంది దుర్గ.

అంబులెన్స్ శ్రీదివ్యని తీసుకెళ్లింది. నాగరత్నం గారి సాఫ్ట్‌వేర్ అరగంట ఆలస్యంగా, ఏ ఆటంకమూ లేకుండా బోట్లకి చేరింది. ఆలస్యానికి కారణం ఆవిడకి చెప్పలేదు.

సాయంత్రం జానకిరామ్ ఫోన్ చేశాడు. "బాగా చేశావమ్మా. కేసు మాత్రం బయటికి రాదు. రాజ్ కుమార్ కాలు జారినట్టే ఉంటుంది."

"వాళ్లింటికి వెళ్లొస్తాను సర్."

"వెళ్లి ఏం చెబుతావ్?"

"ఏమీ చెప్పను సర్. వెళ్తానంతే."

ఆదివారం పొద్దున్నే దుర్గ పాలకొల్లులో బస్సు దిగింది. బజారులో ఇత్తడి సామాన్ల కొట్టు, వెనకే ఇల్లు. రాజ్ కుమార్ భార్య సత్యకుమారి కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. యూనివర్సిటీనుంచి వచ్చానని చెప్పింది దుర్గ. చెప్పాల్సిందంతా నాలుక చివర ఉంది. ప్రమాణం చేసిన ఉద్యోగం గొంతు దగ్గర ఉంది.

"మీరూ ఆయన డిపార్ట్‌మెంటేనా అండి?" అంది సత్యకుమారి కాసేపటికి. "ఏమీ అనుకోకపోతే ఒక సాయం చేస్తారా? మా మామగారు ఫోన్ మార్చారండి. దానికి వైఫై కలవట్లేదు. పాస్‌వర్డ్ మా ఆయనకే తెలుసు. ఆయనంటే క్యాంపస్‌కంతా కాపలా కాసిన మనిషి కదండీ, ఎంత గట్టిది పెట్టుంటారో."

దుర్గ లేచి అలమర మీది రౌటర్ని దించింది. వెనక్కి తిప్పింది. కంపెనీ అంటించిన స్టిక్కర్ మీద ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఉంది. ముసలాయన ఫోనులో అదే కొట్టి చూసింది.

మొదటిసారికే కలిసింది.

సత్యకుమారి స్టిక్కర్ వంక చూసింది. "ఊరందరికీ చెప్పేవారండి, మార్చండి, మార్చండి అని," అంటూ ఆరు రోజుల తర్వాత మొదటిసారి నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. దుర్గ ఆమె భుజం పట్టుకుని నిలబడింది.

సోమవారం రాజమండ్రిలో కూర్చుని దుర్గ పద్నాలుగు పేజీల రిపోర్టు రాసింది. తను పైకి వెళ్లమన్న మాటతో సహా ఏదీ దాచలేదు. ఆ స్టిక్కర్ సంగతి ఒక్కటి మాత్రం దేశ రహస్యంగానే ఉంచేసింది.