చివరి పేజీలో లేని పేరు

కమలాకర్ హైహీల్స్ వేసుకుని ఉండగా గీతిక లోపలికి వచ్చింది.

ఫిల్మ్‌నగర్‌లో చిన్న సౌండ్ స్టూడియో అది. తెర మీద హీరోయిన్ మెట్లు దిగుతుంటే, ఆమె అడుగుకి సరిగ్గా కమలాకర్ చెక్కపలక మీద టకటకా నడుస్తున్నాడు. గుబురు గడ్డం, పైకి మడిచిన ప్యాంటు, ఎర్ర చెప్పులు. గీతికకి నవ్వాగలేదు. రికార్డవుతున్న టేక్ పాడైంది.

"ఏంది మేడమ్ గట్ల నవ్వుతున్నరు? హీరోయిన్ నడకంతా నాదే!"

"సారీ అండీ. సినిమా శబ్దాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మీతో మాట్లాడదామని వచ్చాను."

"నాతోనా?"

ఆరేళ్ల నుంచి పనిచేస్తున్నాడు. ఒక్క సినిమా టైటిల్స్‌లోనూ అతని పేరు పడలేదు. అలాంటిది, ఒకమ్మాయి నోట్‌బుక్ తెరిచి ఎదురుగా కూర్చుంది.

అలా మొదలై వానాకాలమంతా వస్తూనే ఉంది. వాన చప్పుడు ఎలా చేస్తారని అడిగితే, "అసలు వానని రికార్డు చేస్తే వాన లెక్క వినపడదు మేడమ్. సగ్గుబియ్యం కావాలె," అని కాగితం మీద రాల్చి చూపించాడు. ఆమె కళ్లు మూసుకుని వింది. కమలాకర్ ఆమె కనురెప్పల్ని చూస్తూ డబ్బా అంతా ఒంపేశాడు.

సెప్టెంబర్‌లో ఒకరోజు తన పరిశోధన పేపరు ప్రింటు అతని చేతిలో పెట్టి, "నిదానంగా చదవండి," అని గబగబా వెళ్లిపోయింది.

అతను తిన్నగా చివరి పేజీ తిప్పాడు. రిఫరెన్సుల లిస్టులో నలభై పేర్లు. ఎక్కడెక్కడి ప్రొఫెసర్లో ఉన్నారు. తన పేరు లేదు. పై నుంచి కిందికి మళ్లీ చూశాడు. లేదు.

మర్నాడు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గరి టీ కొట్టుకి పిలిచి, ప్రింటు బల్ల మీద పెట్టాడు.

"సినిమావాళ్లు పేరెయ్యరు. అలవాటైపోయింది. మీరు గూడా గంతేనా మేడమ్?"

గీతిక ముఖం చిన్నబోయింది. "లోపల చదివారా?"

"పేర్లు చివర్లనే కదా ఉండేది?"

"సినిమాకి అంతే. పేపరుకి వేరే రూలుందండీ. చివరి లిస్టులో జనం వెతికి చదువుకోగలిగినవే పెట్టాలి. మీరు నాతో అన్న మాట ఇంకెవరికి దొరుకుతుంది? అందుకని ఆ మాట వచ్చినచోటే మీ పేరూ తేదీ రాయాలి."

మూడో పేజీ తీసి చూపించింది. సగ్గుబియ్యం మాట పక్కనే 'కమలాకర్, వ్యక్తిగత సంభాషణ, జులై 6' అని ఉంది. కింద ఇంకోటి. తర్వాతి పేజీలో మూడు. లెక్కపెడితే పదకొండు, ఒక్కోటి ఒక్కో తేదీ. అతను ఒక్కో తేదీ మీద వేలు పెట్టి చదివాడు.

"తప్పయింది. జర ముందుగాల చదవాల్సుండె."

అంతలో చివరి తేదీ దగ్గర వేలు ఆగింది. "ఆగస్టు ముప్పైనా? ఆ దినం పనేం చెయ్యలే, మిర్చిబజ్జీలు తినుకుంట ముచ్చట పెట్టినం గదా!"

ఆమె గ్లాసులోకి చూస్తూ అంది. "మా గైడ్ అచ్యుతరామయ్యగారూ అదే అడిగారు. 'నాలుగు రోజుల్లో తేలే పనికి పదకొండుసార్లు ఎందుకెళ్లావమ్మా?' అని. ఆయనకి చెప్పలేకపోయాను. ఆ తేదీలు చూస్తే మీకే తెలుస్తుందనుకున్నాను. మీరేమో చివరి పేజీ చూసి పోట్లాటకొచ్చారు."

బయట నిజం వాన పడుతోంది. కమలాకర్‌కి అదేం వినిపించలేదు.

"నిజం చెప్పాల్నా? నేను నాలుగో రోజే అంతా చెప్పేసిన. మీరు రావుడు బంద్ చేస్తరేమోనని, తర్వాతియి కొన్ని అప్పటికప్పుడు అల్లిన."

గీతిక లేచి నిలబడింది. "అల్లారా? పేపర్లో పెట్టేశానండీ! ఏవి? ఏవేవి?"

"ఫికర్ చెయ్యకండి, మూడే."

ఆమె కోపంగా పెన్ను తీసింది. కోపం మొదటి కొట్టివేత దాకానే నిలిచింది. కొబ్బరిచిప్పతో ఒంటె నడక అని అతను చెప్పింది చదివి పకపకా నవ్వేసింది. మూడూ కొట్టేసేసరికి ఇద్దరి తలలూ ఒకే కాగితం మీద ఉన్నాయి.

మోతీనగర్ నుంచి గీతిక వాళ్లమ్మ సత్యలక్ష్మి ఫోను. "ఇంకా అవలేదా నీ పని?"

"అవలేదమ్మా. ఆదివారం కమలాకర్‌గారిని ఇంటికి తీసుకొస్తాను. నువ్వు ఒకసారి చూడాలి."

కమలాకర్ ఫోను దగ్గరికి చెవి జరిపాడు.

"తీసుకురా," అంది సత్యలక్ష్మి. "అబ్బాయి కారం తింటాడో లేదో కనుక్కో."