మంచు ఆరకముందు

ట్రంకుపెట్టె మూత తెరిచి ఉంది. అందులో రెండు పట్టుచీరలు, ఒక ఫోటో ఆల్బం. రెండు పాస్‌పోర్టులు పెట్టిన ప్లాస్టిక్ కవరు మాత్రం లేదు.

ఎస్సై సుచరిత వాచీ చూసుకుంది. బుధవారం. ఉదయం ఎనిమిదీ ఇరవై. సాయంత్రం ఏడున్నరకు శంషాబాద్‌లో మస్కట్ విమానం. మర్రిగూడ నుంచి రెండింటికల్లా కారు కదలాలి.

"రేపు పోతే కాదా?"

"కాదు మేడం. వీసా గడువు ఇయ్యాల్టితోనే సరి," అంది నిరోష. ఇరవై ఆరేళ్లుంటాయి. రాత్రంతా ఏడ్చిన ముఖం. "ఆరేండ్లకు మా ఆయన సూపర్‌వైజర్ అయిండు. గప్పుడుగాని ఫ్యామిలీని తెచ్చుకోనియ్యలే. పిల్లకు బడి, మాకు దవాఖాన కార్డు, ఏడాదికోసారి టికెట్. కొత్త సంవత్సరం నుంచి గదంత బంద్ అంట. ఇప్పుడు పోకుంటే ఇగ ఎన్నడు పోము."

గడప మీద ఐదేళ్ల దీప్తి కొత్త బూట్లు తొడుక్కుని కూర్చుంది. నిన్నటి నుంచీ విప్పనివ్వడం లేదట. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల తండ్రిని ఎదురుగా చూసింది మొత్తం కలిపితే మూడు నెలలు. మిగతాదంతా ఫోన్లోనే.

"కవరు ఆఖరుసారి ఎప్పుడు చూసినవు?"

"సోమవారం సాయంత్రం. చూసుకొని తల్లిగారింటికి పోయిన, చెప్పి వద్దామని. నిన్న తొమ్మిదింటికి వచ్చి చూస్తే లేదు."

"ఇంటికి తాళం?"

"గడియ పెడతం. తాళమెందుకు?"

"ఇంట్లో ఎవరున్నారు?"

నిరోష తలుపు పక్కన కూర్చున్న అత్త నర్సింగమ్మ వైపు చూసింది. "ఈమెనే తీసింది మేడం. పిల్లను తోల్కపోతె ఇల్లు బోసిపోతదని నెల రోజుల సంది ఏడుస్తాంది."

నర్సింగమ్మ తల ఎత్తలేదు.

"తీసినవా నర్సింగమ్మా?"

"నావి పాపపు చేతులు బిడ్డా." అంతే. అవునని చెప్పలేదు, కాదనీ అనలేదు.

హెడ్ కానిస్టేబుల్ ఏసోబు నోట్‌బుక్ మూశాడు. "ఒప్పుకున్నట్టే కదా మేడం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది."

సుచరితకు ఎందుకో మనసు ఒప్పలేదు. తీసినవాళ్లు లేదని బుకాయిస్తారు, లేకపోతే కాళ్లు పట్టుకుంటారు. ఈమె రెండూ చేయలేదు.

"నిన్న పొద్దున్నుంచి ఇల్లు కదల్లేదా?"

"ఆరింటికి నీళ్ల ప్లాంటుకు పోయిన. తాగే నీళ్లు గాడనే. నా మోకాళ్లతోని పోయి వచ్చేసరికి అరగంట."

చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగిన మోకాళ్లు. లేచి నిలబడడానికే గోడ పట్టుకుంది.

---

ఊరి చివర చెలకలో మంద. నర్సింగమ్మ భర్త భిక్షం గొంగడి కప్పుకుని చలిమంట కాచుకుంటున్నాడు. టైమ్ ఎనిమిదీ యాభై. దొడ్లో గొర్రెలు ఒకటే అరుపు.

"ఆకలికి అరుస్తున్నయి. ఇంకా తోలవా పెద్దాయనా?"

"మంచు ఆరాలె మేడం. తడిగడ్డి తింటే రోగమొస్తది."

"సోమవారం రాత్రి ఎక్కడున్నవు?"

"ఈడ్నే. రోజు ఈడ్నే పండుకుంట. ఇంట్ల ఏమైందో నాకెర్కలేదు." మంటలో ఒక పుల్ల వేశాడు. "నా పెండ్లాం దొంగ మాత్రం కాదు. గది రాసుకోండ్రి."

ఏసోబు రాసుకోలేదు. సుచరిత రాసుకుంది.

---

తొమ్మిదిన్నర. మెయిన్ రోడ్డు మీద కమలాకర్ ఆన్‌లైన్ సెంటర్. నల్గొండలో పుట్టి పెరిగిన మనిషి, రెండేళ్ల కిందట అన్నతో కలిసి ఇక్కడ షాపు పెట్టాడు. నిరోష ఫారాలన్నీ నింపింది ఇతనే. నిన్న ఆమెను స్టేషన్‌కు తీసుకొచ్చి కంప్లైంట్ రాయించిందీ ఇతనే. ఊళ్లో మంచి పేరు.

"మంగళవారం పొద్దున ఎక్కడున్నవు?"

"ఆరింటికి నల్గొండ నుంచి బండి మీద వచ్చిన మేడం. ఊరి బయట భిక్షం తాత గొర్లను గుట్ట దిక్కు తోల్కపోతుండె. నమస్తే పెట్టి సీదా షాపుకొచ్చిన."

"వాళ్లింటి వైపు పోలేదా?"

"ఆ వాడకే పోలే. తాత గొర్లెంబడి పోయిండంటే ఇంట్ల ఒక్క అవ్వనే ఉండాలె. చెప్పబుద్ధయితలేదు గాని, మనుమరాలి మీద పాణం కదా ఆమెకు."

"ఆరింటికే. ఖాయమా?"

"ఖాయం మేడం." స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టాడు.

"మరి నిరోష సంగతి?"

"ఫికర్ లేదు. గిది పోతే ఇంకో వీసా చూస్తా. ముందుగాల నిరోషక్క పోతది, పాప తర్వాత."

జీపు పది గజాలు కదిలి ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద. వెనకాల భుజాన గొంగడితో భిక్షం. సుచరిత వాచీ చూసుకుంది. తొమ్మిదీ యాభై.

మంద మొత్తం రోడ్డు దాటేలోపు ఆమె కమలాకర్ స్టేట్‌మెంట్ తీసి మళ్లీ చదివింది.

"ఏసోబూ, కమలాకర్‌ను భిక్షం ఇంటికి రమ్మను. అతను షాపు దాటంగనే ఇద్దరు సాక్షులను పెట్టుకొని, అతని అన్న ముందట షాపు వెతుకు. ఒక్క మూల వదలొద్దు."

---

పన్నెండూ పావు. వాకిట్లో అందరూ ఉన్నారు. మందను పక్కవాళ్లకు అప్పగించి భిక్షం కూడా వచ్చాడు.

"పెద్దాయనా, మంగళవారం ఆరింటికి గొర్లను తోలినవా?" అడిగింది సుచరిత.

భిక్షం అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "ఆరింటికా? గీ చలికాలంల? ఊహ తెల్సిన కాడి నుంచి మంచు ఆరకముందు మంద ఇడువలే మేడం."

"కమలాకర్, నువ్వు మాత్రం చూసినవు."

కమలాకర్ నవ్వబోయాడు. "వేరే రోజు చూసిన్నేమో మేడం."

"చలికాలంలో ఏ రోజైనా ఆరింటికి మంద దొడ్లోనే ఉంటది. గొర్లు కాసే ఊళ్లో రెండేళ్లున్నవు గాని, అవి ఎప్పుడు కదులుతయో నీకు తెల్వదు. రోడ్డు మీదున్నానని చెప్పడానికి ఒక సాక్షి కావాలె. భిక్షాన్ని వాడుకున్నవు. ఆరింటికి రోడ్డు మీద లేనోడు ఎక్కడున్నడు? నర్సింగమ్మ నీళ్లకు పోయే అరగంట నీకు తెలుసు. కాగితాలు ఏ పెట్టెలో పెట్టాల్నో చెప్పింది కూడా నువ్వే కదా?"

"అవును మేడం," అంది నిరోష మెల్లగా. "కమలాకరన్ననే చెప్పిండు."

కమలాకర్ చెప్పులు వేసుకోబోయాడు. వాకిలికి అడ్డంగా అప్పుడే వచ్చిన ఏసోబు నిలబడ్డాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. "ప్రింటర్ కింద మేడం. గీ కాగితం కూడా."

విజిట్ వీసా దరఖాస్తు. నిరోష ఫోటో. ఒక్కరికే. పిల్ల పేరు ఎక్కడా లేదు. మీద పెన్సిల్‌తో ఒక ఫోన్ నంబరు, పక్కన మూడు ముక్కలు: వంట, పిల్లల పని, వచ్చే వారం.

సుచరితకు ఒళ్లు మండింది. "రేపో ఎల్లుండో ఈ కవరు ఈ ఇంట్లోనే ఏ బియ్యం డబ్బాలోనో దొరికేది. నింద అత్త మీద పడేది. అప్పటికి గడువు అయిపోయి, నువ్వు ఏ వీసా చూపిస్తే దానికి తల ఊపేది నిరోష, నీకు కమీషన్ ముట్టేది. మొగని వీసా మీద పోతే ఈమెకు ఇల్లుంటది, బిడ్డకు బడి ఉంటది. దీని మీద పోతే ఎవరి వంటింట్లోనో పెట్టి తలుపేస్తరు. ఎవరి భార్యవని కూడా అడగరు. అంతేనా?"

దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు ఊరంతా ఇతని చేతికే కాగితాలిచ్చింది. ఏసోబు అతన్ని జీపు ఎక్కించాడు.

"నువ్వు తియ్యలేదని ఎందుకు చెప్పలేదమ్మా?" నర్సింగమ్మను అడిగింది సుచరిత.

"సోమవారం రాత్రి పెట్టె తెరిసిన బిడ్డా. దాచిపెడదామనే తెరిసిన. కవరు చేతుల పట్టుకొని శానసేపు కూసున్న. పిల్ల తండ్రి కాడికి పోతాంది, నాకేం రోగమని మళ్ల ఆడ్నే పెట్టిన. తెల్లారి పోయిందంటే, నా బుద్ధికే దేవుడు చేసిండనుకున్న."

నిరోష ఏడవలేదు. లేచి లోపలికి వెళ్లి సంచులు తెచ్చింది.

ఒంటి గంటా యాభైకి కారు వచ్చింది. దీప్తి అందరికన్నా ముందు ఎక్కి కూర్చుంది. సుచరిత కవరు నిరోషకు ఇచ్చి సంతకం చేయించుకుంది. నిరోష రెండు పాస్‌పోర్టులూ విప్పి చూసుకుని, కవరు తీసుకెళ్లి నర్సింగమ్మ ఒడిలో పెట్టింది.

"శంషాబాద్ దాక నువ్వే పట్టుకో అత్తమ్మా. నేను పిల్లను చూసుకుంట."

నర్సింగమ్మ కవరును రెండు చేతులతో పట్టుకుంది. గోడ పట్టుకోకుండానే లేచి కారెక్కింది.